రాసియ్యి చెల్లసామి సారు

చెల్లసామి సారుకి నోటిమాట మీద నమ్మకం లేదు. ఎవరేం చెప్పినా, "శరి, అదే రాసియ్యి" అనేవారు. రోజూ కోవిల్‌పట్టి నుంచి రైల్లో విరుదునగర్ వచ్చి, పింఛన్ల ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర కూర్చునేవారు. అది ఏ శాఖ పింఛన్లు చూసే ఆఫీసో చెప్పను. అక్కడివాళ్లకి నామీద ఉన్న కోపం చాలు.

టీకొట్టు తంగసామి "పాలు అయిపోయినాయి సారూ" అంటే రాసియ్యి. డాక్టరు "మీకు ఏ జబ్బూ లేదు" అంటే రాసియ్యి. ఒకసారి ఇంట్లో ఆయన భార్య జానకియమ్మాళ్ అత్త, "నీతో నా వల్ల కాదు, మా అన్న ఇంటికి పోతా ఉండాను" అందట. పేపర్లోంచి తలెత్తకుండా "రాసియ్యి" అన్నారట ఈయన. ఆవిడ నిజంగానే రాసి, సంతకం పెట్టి, అన్న ఊరు వత్రాప్‌కి బస్సెక్కేసింది. మర్నాడు ఆ కాగితం ఆఫీసుకి తెచ్చి నా ముందు ఊపుతూ మండిపడ్డారు.

"చూస్తివా జోతిలక్ష్మీ! తేదీ వెయ్యలే! ఎప్పుడు తిరిగొస్తాదో రాయలే! ఇదేమి కాయితం?"

ఈయన్ని భరించడం ఒక ఎత్తు, మా ఆఫీసుని భరించడం ఇంకో ఎత్తు. పింఛను తీసుకునేవాళ్లంతా ఏడాదికోసారి మనిషిగా వచ్చి, బతికే ఉన్నామని మాకు చూపించుకోవాలి. ముప్పై ఏళ్లు సర్కారుకి ఊడిగం చేసినవాళ్లు, కళ్లు కనపడనివాళ్లు, మోకాళ్లు వంగనివాళ్లు ఎండలో వరసకట్టేవారు. వాళ్లకని వేసింది ఒక్కటే బెంచీ. దాని మీద మా ప్యూను టిఫిన్ క్యారియర్ కూర్చునేది!

1996 వేసవిలో, ఎన్నికలు ఇంకో పది రోజులుండగా, విళాత్తికుళం పక్క పల్లె నుంచి మూక్కమ్మాళ్ అనే ముసలామె వచ్చింది. మొగుడు బడి వాచ్‌మన్‌గా పనిచేసి పోయాడు. ఆమెకి రావలసిన పింఛను మూడు నెలలుగా రావడం లేదు. మా ఆఫీసరు ఈశ్వరన్ రిజిస్టరు తిప్పి చూసి, తల కూడా ఎత్తలేదు.

"మూక్కమ్మాళ్ చనిపోయింది. పింఛను ఆపేశాం."

"సామీ, నేనే మూక్కమ్మాళ్‌ని. ఇట్ల నిలబడుకోని ఉండాను గదా?"

"నిలబడితే చాలదు. బతికి ఉన్నట్టు కాగితం కావాలి."

ఆమె అరవం వదిలి, మా ఇళ్లల్లో మాట్లాడుకునే తెలుగులో, "చచ్చినానని ఎవురు చెప్పిరి నాయనా?" అంది. అంతే, చెల్లసామి సారు కుర్చీ వెనక్కి తన్ని లేచారు.

"ఈమె చచ్చిందని మీరు రాసియ్యండి సార్! ఇప్పుడే, ఈమె ఎదురుగానే!"

ఆఫీసరు రాయలేదు. పై ఆఫీసుకి పంపి అడగాలన్నాడు. ఆర్నెల్లు పడుతుందన్నాడు. సారు రిజిస్టరు లాక్కుని చూశారు. ఒకే పేజీలో ఇద్దరు మూక్కమ్మాళ్‌లు, ఒకరి కింద ఒకరు. పై ఆమె పోయింది. 'మరణించారు' అన్న మాట మాత్రం కింది ఆమె పేరు పక్కన పడింది. ఆ అక్షరాలు నావి.

సారు అక్షరాలు చూశారు, నన్ను చూశారు, రిజిస్టరు మూసేశారు. నేను నోరు విప్పలేదు. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఇప్పటికీ ఆ రోజు తలచుకుంటే నామీద నాకే ఒళ్లు మండుతుంది.

రిటైరుమెంటు దగ్గరపడిందని సారుకి ఆసారి ఎన్నికల డ్యూటీ వెయ్యలేదు. దాని మీదా ఒక మనవి రాసి పడేసి, పోలింగు రోజున విళాత్తికుళం బస్సెక్కారు. ఓటర్ల జాబితాలో మూక్కమ్మాళ్ పేరు భద్రంగా ఉంది. ఆమె చేత ఓటు వేయించి, మర్నాడు తిన్నగా ఆఫీసరు గదిలోకి తీసుకొచ్చారు.

"అవ్వా, వేలు చూపించు."

ఆమె ఎడమచేతి చూపుడువేలు ఎత్తింది. గోరు మీద సిరా గీత నిగనిగలాడుతోంది.

"నిన్న ఇదే సర్కారు ఈమెని పేరు పెట్టి పిలిచి, జాబితాలో చూసుకోని, వేలికి సిరా పెట్టి ఓటు వేయించింది. మీ లెక్కకి ఈమె శవం. అంటే పోలింగు బూత్‌లో శవం ఓటు వేసిందని అర్థం. అట్లని రాసియ్యండి సార్, నేనే ఎన్నికల కమిషన్‌కి పంపిస్తాను!"

ఈశ్వరన్ ఈసారి తలెత్తాడు. "ఉండవయ్యా, కూర్చో" అన్నాడు.

"ముందు ఆమెకి కుర్చీ వెయ్యండి!"

మధ్యాహ్నానికల్లా మూక్కమ్మాళ్ బతికింది. మూడు నెలల పింఛనుకీ ఉత్తర్వు తయారైంది. ఆమె సారుకి రెండు చేతులూ ఎత్తి మొక్కితే, "నాకెందుకు దండం? ఇది నీ హక్కు. పో, పో, బస్సు పోతాది!" అని కసురుకున్నారు.

ఓడిపోయిన ఆఫీసరు ఊరుకుంటాడా? తప్పు ఎవరు రాశారో తేల్చమని విచారణ వేశాడు. నన్ను పిలుస్తారని వారం రోజులు అన్నం సయించలేదు. ఎవరూ పిలవలేదు. ఆ నెలాఖరుకి సారు రిటైరయ్యారు. పూలదండ వేయించుకుంటూ కూడా, మల్లెలు వాడిపోయాయని దండ తెచ్చినవాడితో తగువేసుకున్నారు.

ఎనిమిది నెలల తరువాత ఆయన ఫైలే నా బల్ల మీదికి వచ్చింది. విచారణ తేలలేదని అంతకాలం ఆయన పింఛను ఆపి ఉంచారు. అడుగున ఆయన చేతిరాతలో ఒక కాగితం: 'ఆ పద్దు సరిచూడవలసిన బాధ్యత నాది. తప్పు పూర్తిగా నాదే. ఇందులో మరెవరికీ సంబంధం లేదు.' రిజిస్టరు సరిచూసే పని ఆయనది కానే కాదు!

ఆ ఆదివారం, జరిగింది జరిగినట్టు రాసుకుని కోవిల్‌పట్టి వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం చదివి, రెండు అక్షర దోషాలు దిద్ది, దాన్ని నాలుగు ముక్కలుగా చింపారు.

"ఎందుకు మామా ఇట్ల చేస్తిరి?" అన్నాను. ఆఫీసులో ఎప్పుడూ సారే, ఆ పూట మామ అని వచ్చేసింది.

"ఏడవద్దు! అప్పుడు నాకు మిగిలింది ఇరవై దినాల సర్వీసు, నీకు ముప్పై ఏండ్లు. ఆ మచ్చ నీమీద పడితే ముప్పై ఏండ్లూ బయపడి చస్తావు. బయపడే గుమాస్తా ఎవురికి పనికొస్తాది? పోయిన వారం నాకు పింఛను ఆర్డరు వచ్చేసింది, మాట అయిపోయింది."

లోపలినుంచి జానకియమ్మాళ్ అత్త, "ఎనిమిది నెల్లు ఎదురింటి పిల్లలకి ట్యూషన్ చెప్పినాడమ్మా. ఆ పిల్లలని తలచుకుంటేనే నాకు పాపం అనిపిస్తాది" అంది.

సాయంత్రం నన్ను బస్టాండుకి తీసుకొచ్చారు. బస్సు కిక్కిరిసి ఉంది. కిటికీ పక్క సీట్లో కండక్టరు మిరపకాయల మూట పెట్టుకున్నాడు.

"ఈ మూటకి కాళ్లు నొస్తాయా? టిక్కెట్టు కొనిందా? తియ్యి! ఆడబిడ్డ నిలబడుకోవాలా?"

మూట లేచింది, నేను కూర్చున్నాను. బస్సు కదిలినా ఆయన పక్కన నడుస్తూ కండక్టరుని తిడుతూనే ఉన్నారు.

"ఎవరమ్మా ఆయన, మీ నాన్నా?" అన్నాడు కండక్టరు, మూట ఒళ్లో పెట్టుకుని.

"మా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు."

అతను నాకు టిక్కెట్టు చింపి ఇస్తూ, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"మంచిదమ్మా. మా డిపోలో పనిచెయ్యలేదు."