చెప్పు కుట్టరాని కృపారాణి

మొదటి రోజు నేను కక్కుకున్నాను. కోరుట్లలో ఆడవాళ్ళకు ఉచితంగా కుట్టు నేర్పుతున్నారంటే పోయాను. జాకెట్ల బ్యాచీ నిండిపోయిందని తోలుపనిలో పడేశారు. కిటికీలు సరిగ్గా తెరుచుకోని గది, గోడవారగా తోలు చుట్టలు, డబ్బాల్లో అతికించే సొల్యూషన్. ఆ రెండు వాసనలూ కలిసేసరికి బయటికి పరుగెత్తాను.

బయట గోడ పక్కన అప్పటికే ఒకమ్మాయి వంగి కక్కుతోంది. ఆమే కథలాపూర్ నుంచి వచ్చిన కృపారాణి. పని నేర్పే బాలరాజు సారు మా వెనకే వచ్చి నాకు మాత్రం నీళ్ళ సీసా అందించాడు. ఆమె వైపు తిరిగి, "గీతంటే గౌడ్ల పిల్ల, అలవాటు లేదు. నీకేమైందే?" అన్నాడు.

"మా ఇంట్ల తోలు ముట్టక నలబై ఏండ్లాయె సారు. నాకు మాత్రం ముక్కు లేదా?" అంది కృపారాణి. మూతి తుడుచుకుని లోపలికి పోయింది. నాకా మాట నచ్చింది. సీసాలో మిగిలిన సగం నీళ్ళు ఆమెకిచ్చాను. ఈ ఒక్క మంచిపనీ చెప్పుకోనివ్వండి, తర్వాత చెప్పుకోవడానికి ఏమీ లేదు.

వాళ్ళ తాత ఆగయ్య వయసులో ఉండగా ఊళ్ళో అందరి చెప్పులూ కుట్టేవాడు. గడప బయట కూర్చుంటే చెప్పు తెచ్చి ఒళ్ళోకి విసిరేవాళ్ళట. చేతికిస్తే మైలపడిపోతారు మరి, మహానుభావులు. ఒకరోజు అలా విసిరిన చెప్పు ముఖానికి తగిలింది. ఆయన ఇంటికొచ్చి బెజ్జాలు పొడిచే ఆరెనూ తోలు కోసే రంపెనూ తీసుకుపోయి బావిలో పారేశాడు. ఆ తర్వాత కూలికి పోయాడు. కొడుకునీ కూలికే పంపాడు గాని తోలు ముట్టనివ్వలేదు. అలాంటి మనిషికి మనుమరాలు తోలుపని నేర్చుకుంటానంటే ఎలా ఉంటుంది? మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదట. కోరుట్లలో సంచుల దుకాణం పెట్టుకోవాలని ఉందని ఆమె బతిమాలితే చివరికి ఒక్క మాట తీసుకున్నాడు.

"సంచులు కుట్టుకో, పర్సులు కుట్టుకో. ఇంకోని కాలిచెప్పు మాత్రం నీ ఒళ్ళెకు రావద్దు బిడ్డా."

ఆమె తాత నెత్తి మీద చెయ్యిపెట్టి ఒట్టేసి వచ్చింది.

పని మా ఇద్దరికీ తొందరగా రాలేదు. గుడ్డ మీద తప్పు కుడితే ఊడదీసి మళ్ళీ కుట్టొచ్చు. తోలు మీద సూది ఒకసారి దిగిందంటే ఆ బెజ్జం చచ్చినా పోదు. మొదటి నెలంతా నేను కుట్టినవి సంచులు కావు, జల్లెడలు. పెద్ద మిషను కాలు ఆనిస్తే చాలు, అరజానెడు దూరం పరుగెత్తేది. దాన్ని మెల్లగా లొంగదీసుకున్నాను. కృపారాణికి మిషను మీద కుట్టు వంకరపోయేది, చెక్కడంలో మాత్రం చేయి నిలకడగా ఉండేది. తోలును తడిగుడ్డతో అద్ది ఆరబెట్టి, మధ్యమధ్యలో చెంపకు ఆనించి చూసుకునేది. ఇంకా చల్లగా తగులుతూ, తడికి నల్లబడ్డ రంగు తిరిగి తేలుతుందనగా చిన్న కత్తితో గాటు పెట్టి, గాటు పక్కన ఇనుప అచ్చు ఆనించి సుత్తితో తట్టేది. తడి ఎక్కువుంటే గాట్లు పూడుకుపోతాయి, ఎండిపోతే తోలు కత్తికి లొంగదు. ఆ అదను నాకు ఎప్పుడూ చిక్కలేదు. మూడో నెలకు ఆమె సంచి మీద తంగేడు కొమ్మ లేచింది. కళ్ళు మూసుకుని తడిమినా పువ్వులు వేళ్ళకు తగిలేవి.

నేను ఇంటికి రాగానే మా అమ్మ వాకిట్లోనే నిలబెట్టి బట్టలతో సహా నీళ్ళు కుమ్మరించేది. వద్దని చెప్పి చెప్పి నోరు నొప్పిపుట్టి, ఊరికే నిలబడి పోయించుకునేదాన్ని.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బళ్ళు మూతపడ్డాయి. మా అన్న వీరేందర్ కోరుట్లలో ఉద్యమం పనులు చూసేవాడు. మైకు పట్టుకుంటే ఆత్మగౌరవం తప్ప ఇంకో మాట వచ్చేది కాదు ఆయనకు. చౌరస్తాలో కులవృత్తుల నిరసన పెట్టారు. ఎవరి కులం పని వాళ్ళు రోడ్డు మీద చేసి చూపించాలి. సిరిసిల్ల నుంచి ట్రాక్టరు మీద మగ్గం దింపారు. అన్న కబురు పెడితే కృపారాణి ఎంత సంబరపడిందో. సారును అడిగి మిషను ఆటోలో ఎక్కించుకుని, తంగేడు సంచి పట్టుకుని వచ్చింది. "తెలంగాణ కోసం నేను గూడ ఏదన్న చెయ్యాలె గద" అంది నాతో.

నన్ను గౌడ్ల డేరాలో నిలబెట్టి నెత్తి మీద కల్లుకుండ పెట్టారు. పుట్టి ఇంతదాన్నయ్యాను, ఏనాడూ కల్లు దించినదాన్ని కాను.

అన్న వచ్చి మిషను చూశాడు. "గిదెందుకే? పక్కకు పెట్టుండ్రి. గోనెబస్త ఏసుకొని కూసో, చెప్పు కుట్టు. పేపరోళ్ళచ్చిండ్రు."

"నాకు చెప్పు కుట్టరాదన్నా. మాకు నేర్పలే. సంచి కుడుత."

"మాదిగోళ్ళ పిల్లవు, చెప్పు కుట్టరాదంటే ఎవలు నమ్ముతరు?"

చుట్టూ నలుగురు నవ్వారు. కృపారాణి నా వైపు చూపించింది. "గీత గూడ నాతోనే నేర్చింది. మిషన్ నాకంటె మంచిగ కుడుతది. ఇద్దరం కూసుంటం."

"గీతది మన డేరనే" అన్నాడు అన్న.

మన అట. ఆ మాటకు ఒళ్ళు మండింది నాకు. మండి ఏం లాభం? కృపారాణి నన్నే చూస్తోంది. ఒక్క అడుగు వేసి పక్కన కూర్చుంటే అయిపోయేది. రాత్రికి అమ్మ ఏమంటుందో, చూసినవాళ్ళు ఏమంటారో అని, కుండ సర్దుకుంటున్నట్టు నటించి మనుషుల వెనక్కి జరిగాను. థూ, నా బతుకు.

మైకులో జై తెలంగాణ అంటున్నారు. కాదంటే ఉద్యమానికే అడ్డం పడ్డట్టు చూస్తున్నారు ఆమెను. కృపారాణి గోనెబస్తా మీద కూర్చుంది. మా అన్న తన కాలిచెప్పు విడిచి, వంగడానికి బద్ధకమో ఏమో, కాలితోనే ఆమె ఒళ్ళోకి తోశాడు. ఆత్మగౌరవం గురించి పొద్దుటి నుంచి అరిచిన మనిషి. ఎవరో చేతికి ఆరె ఇచ్చారు. ఎక్కడ పొడవాలో ఆమెకు తెలియదు. అడ్డదిడ్డంగా పొడిస్తే ఆరె చెప్పులోంచి జారి అరచేతిలో దిగింది. "గట్ల కాదే, మీ తాతను అడుగు పో" అని ఎవడో అరిస్తే జనం పగలబడి నవ్వారు. ఆమె నెత్తుటి చేత్తోనే చెప్పు పట్టుకుని తల వంచింది. సరిగ్గా అప్పుడే ఫోటో తీశారు.

మర్నాడు ఆమె సెంటరుకు రాలేదు. ముఖం చెల్లకపోయినా ఆటో పట్టుకుని కథలాపూర్ పోయాను. చేతికి గుడ్డ కట్టుకుని వాకిట్లో గిన్నెలు తోముతోంది. "ఎందుకచ్చినవు?" అని మాత్రం అడిగింది. ఆగయ్య మంచంలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. నేను ఎవరి బిడ్డనో తెలియగానే లేవబోయాడు. అంత ముసలాయన నాకోసం లేవడం చూస్తే నామీద నాకే రోత పుట్టింది. కూర్చో తాతా అన్నాను.

"మా రాణి సంచి కుడుతున్న ఫోటో ఏసిండ్రట. పొద్దుగాలనే చెప్పింది" అని పేపరు నాకిచ్చాడు. "నాకు కండ్లు మసక. ఏం రాసిండ్రో జర సదువు బిడ్డా."

మా అన్న చెప్పు ఆమె ఒళ్ళో స్పష్టంగా ఉంది. తరతరాల వృత్తితో రోడ్డెక్కిన మహిళ అని కింద రాశారు. కృపారాణి తల ఎత్తలేదు.

"చెక్కిన తోలుసంచి కుడుతున్న కృపారాణి అని రాసిండ్రు తాతా" అన్నాను.

గిన్నెల చప్పుడు ఆగింది. ముసలాయన ముఖం విప్పారింది. పేపరు తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు వెతికాడు.

"దీంట్ల ఒక్క మనిషే కనవడుతున్నది. పని ఇద్దరు కలిసి నేర్చిండ్రు గద. నువ్వెటు పోయినవు బిడ్డా?"