కాటుక లేని గోరు

ఆ స్వామి నాకిప్పటికీ అంతుపట్టడు. ప్రొద్దుటూరులో కొత్త మతం పెట్టకముందు ఆయన జమ్మలమడుగులో అంజనం వేసేవాడు. బొటనవేలి గోటికి కాటుక పూసుకుని, తప్పిపోయినవాళ్ల జాడ అందులో చూసి చెప్పేవాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, మీసాలు కూడా రాని మా తమ్ముడు పులివెందుల సంతకు పోయి తిరిగి రాలేదు. ఆయన గోరు చూసి, “బతికే ఉండాడు” అన్నాడు. అమ్మ చివరిదాకా ఆ మాట పట్టుకునే బతికింది.

స్వామి అయ్యాక ఆయన అంజనాలు, తాయెత్తులు అన్నీ అబద్ధమని బోధించేవాడు. అయినా ప్రార్థన ముగియగానే అలవాటుగా గోరు చూసుకునేవాడు. ఆయన్ని చూసి భక్తులంతా తమ గోళ్లు చూసుకునేవారు. అదే ఆ మతంలో ధ్యానమైపోయింది.

అమ్మ పోయాక వెళ్లి నిలదీశాను.

“అంజనం అబద్ధమంటాండావు గదా సామీ, మరి మా తమ్ముని సంగతేంది?”

ఆయన కాటుక లేని ఆ గోటిలోకి చాలాసేపు చూశాడు.

“వానికి గడ్డం నెరుస్తాందప్పా” అన్నాడు.