మాటల్లేని సెలూన్

నోట్లో నాలుక లేని మనిషి సెలూన్ పెడితే ఎన్నాళ్లు నడుస్తుంది? ఇరవయ్యేళ్లు ఒకరి కొట్లో పనిచేసి, చెయ్యి బాగా తిరిగాక సొంతంగా రెండు కుర్చీలు వేసుకున్నాడతను. వీధిలోవాళ్లు వారం తిరక్కుండానే 'మౌనంగారు' అని పేరు పెట్టేశారు. కొత్తొక వింత కదా, మొదటి నెల జనం బాగానే వచ్చారు. తర్వాత ఒక్కొక్కరే ఎదుటి సెలూన్‌కి జారుకున్నారు. ఆ ఎదుటివాడి కత్తిరింపు అంతంతమాత్రమే గానీ, మాటలు కోటలు దాటేవి. నోరున్నవాడిదే రాజ్యమని ఊరికే అన్నారా!

"ఈ నెలాఖరు దాకా చూద్దాం. ఇలాగే ఉంటే మూసేసి, పాత యజమాని దగ్గరికే పోదురుగాని," అంది భార్య. అన్నదే గానీ మనసొప్పలేదు పిచ్చితల్లికి. ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పింది. "మనిషి రాగానే, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడగండి. ముత్యాలేం రాలిపోవు."

మర్నాడు పోస్టాఫీసు గుమాస్తా ఒకాయన మాసిన గడ్డంతో వచ్చాడు. మౌనంగారు గుడ్డ కప్పి, గొంతు సవరించుకుని, "ఇంట్లో అందరూ బాగున్నారాండీ?" అన్నాడు.

"మా ఆవిడ పోయి మూడు వారాలైంది," అన్నాడాయన.

మౌనంగారికి ప్రాణం చచ్చిపోయింది. ఓదార్పు మాటలు అతనికి ఎవరూ నేర్పలేదు. వేడినీళ్లలో తువ్వాలు ముంచి పిండి ఆయన ముఖం మీద వేసి, నెత్తిన చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. తువ్వాలు కింద ఆయన చాలాసేపు ఏడ్చాడు.

మరుసటి రోజూ ఆయనే వచ్చాడు.

"గడ్డం ఇంకా పెరగలేదండీ."

"తెలుసు నాయనా. ఎలా పోయింది, ఎలా పోయింది అని అందరూ అడుగుతున్నారు. చెప్పలేక చస్తున్నాను. కాసేపు కూర్చోనీ."

వారం గడిచాక ఆయన ఒక బడిపంతులుని వెంటబెట్టుకొచ్చాడు. పొద్దస్తమానం పిల్లల మీద అరిచి వచ్చిన ఆ పంతులు కుర్చీలో వాలగానే గుర్రుపెట్టాడు. ఆ వెనకే, "ఉద్యోగం వచ్చిందా?" అన్న ప్రశ్నకి దాక్కుని తిరిగే కుర్రాడొకడు చేరాడు.

నెలాఖరున ఏదో ఒకటి తేల్చుకుందామని భార్య వచ్చింది. రెండు కుర్చీలూ నిండి ఉన్నాయి. బల్ల మీద ఇంకో ముగ్గురు. ఒక్కరి నోటా మాట లేదు. ఎవరైనా పోయారేమో అనుకుంది ఆవిడ.

"ఏమైందండీ?" అంది గుసగుసగా.

అతను కత్తెర ఆపాడు.

"ఏం కాలేదే. గిరాకీ."

ఆవిడ తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి, మెట్ల మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది.