పాత కంప్యూటరూ పచ్చ టిక్కూ

ఆఫీసులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ‘అనుమానం’ అనేవారు. చెప్పుల దుకాణం పైన రెండు గదులు. ముందు గదిలో ఏసీ, యజమాని, ఆయన బావమరిది. వెనక గదిలో రెండు వందల నలభై చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లను మోసే లినక్స్ సర్వర్, దానివైపు తిప్పిన ఫ్యాను, చెమట తుడుచుకుంటూ ఇతను.

బావమరిది మేనేజరు. మూడు రోజుల శిక్షణ సర్టిఫికెట్టుకు మూడడుగుల ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. ఒకసారి బయటివాళ్ళను ఆపే ఫైర్‌వాల్ మార్చబోయి సర్వర్‌లోకి తన దారి తనే మూసుకుని, సర్వర్ చచ్చిపోయిందని ఊరంతా చాటాడు. అనుమానం అలాంటి పని చేసేముందు తెరమీద సర్వర్‌లోకి రెండో కిటికీ తెరిచి ఉంచుకుంటాడు. కొత్త అప్‌డేట్లను ముందుగా తన బల్ల కింద తువ్వాలు కప్పిన పాత కంప్యూటర్‌లో వేసి చూస్తాడు. నెలకోసారి బ్యాకప్ కాపీలను అందులోకి తెచ్చి, సైట్లు తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కొక్కటే నొక్కి చూస్తాడు. ఆఫీసులో అందరూ నవ్వుకునేది ఈ పనికే.

“బ్యాకప్ అయిందని రోజూ పొద్దున్నే పచ్చ టిక్కుతో మెయిల్ వస్తోందిగా. ఇంకా ఆ డొక్కుదెందుకు?” అన్నాడు బావమరిది.

“కాపీ తీశానని చెబుతోంది మేనేజరుగారూ. ఎక్కడ పెట్టిందో చెప్పట్లేదు.”

“విన్నావా బావా? టిక్కు మీద కూడా అనుమానమే!”

యజమాని తేల్చేశాడు. “శుక్రవారం పాత సామాను బండి వస్తుంది. అది వెళ్ళిపోవాలి. దాంతోపాటు నువ్వూ వెళ్తావో, మేనేజరు చెప్పినట్టు ఉంటావో నీ ఇష్టం.”

ఆ శుక్రవారం పదకొండింటికి సైట్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఫోన్లు గోల పెట్టాయి. బావమరిదికి తెలిసిన వైద్యం ఒక్కటే, రీస్టార్ట్. మూడుసార్లు చేశాడు. నాలుగోసారి చెయ్యి పెట్టబోతుంటే అనుమానం అతన్ని పక్కకు జరిపి కూర్చున్నాడు. డిస్కులో ఎంత చోటుందో సర్వర్‌నే అడిగాడు. నూటికి నూరూ నిండిపోయింది.

నింపింది బ్యాకప్ కాపీలే. వాటికోసం కొన్న రెండో డిస్కును బావమరిది చేత్తో తగిలించాడు కానీ, సర్వర్ లేచిన ప్రతిసారీ దాన్ని తగిలించమనే ఒక్క వరుస సెట్టింగుల్లో రాయలేదు. తొమ్మిది రోజుల క్రితం కరెంటు పనికి సర్వర్ ఆపి మళ్ళీ వేసినప్పటి నుంచి ఆ డిస్కు ఊరికే కూర్చుంది. దాని పేరున్న ఫోల్డర్ మాత్రం అలాగే ఉంది. కాపీలన్నీ సైట్లున్న డిస్కులోనే, ఆ ఫోల్డర్‌లో పడ్డాయి. రోజూ పచ్చ టిక్కు మాత్రం తప్పలేదు.

అనుమానం కాపీలను రెండో డిస్కులోకి మార్చి, ఆ వరుస రాసి, నిలుస్తుందో లేదో చూడ్డానికి తనే ఒకసారి రీస్టార్ట్ చేశాడు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా సైట్లు లేచాయి.

“ఏమైందిరా?” అని యజమాని బావమరిదిని అడిగాడు.

“జనం ఎగబడి చూస్తున్నారు బావా. సర్వర్ తట్టుకోలేకపోయింది.”

యజమాని మొహం వెలిగిపోయింది.

అనుమానం కాపీల తేదీలు చూపించాడు. “సార్, తొమ్మిది రోజులు అసలూ కాపీలూ ఒకే డిస్కులో ఉన్నాయి. అది పోతే రెండూ పోయేవి.”

“పోలేదుగా!” అన్నాడు యజమాని. “బండివాడు కింద ఉన్నాడు. ఏం తేల్చుకున్నావ్?”

అనుమానం వెనక గదిలోకి వెళ్ళి పాత కంప్యూటర్‌లో ఉన్న సైట్లన్నీ చెరిపాడు, ఎవరి సమాచారమూ బండెక్కకూడదని. తర్వాత సర్వర్‌లో తన ఖాతా తనే తీసేశాడు. మానేసినవాడికి సర్వర్‌లోకి దారి ఉండకూడదని వీళ్ళకు పదేళ్ళకైనా తట్టదు. తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

మెట్ల దగ్గర బావమరిది ఎదురొచ్చాడు. “కోపంతో లోపలేమన్నా కెలికావా?”

“రేపు చూసుకోండి. పచ్చ టిక్కు వస్తుంది.”

“హమ్మయ్య,” అన్నాడు మేనేజరు.

వీధిలోకి వచ్చాక అనుమానం తన అక్కకు ఫోన్ చేశాడు. ఆమె కుట్టుపని నేర్పే సైటూ ఆ రెండు వందల నలభైలో ఒకటి.

“అక్కా, నీ సైటు అక్కణ్ణుంచి తీసేయ్.”

“ఇప్పుడే చూశాను, బాగానే పనిచేస్తోందిగా తమ్ముడూ?”

“ఈ రోజుకి పనిచేస్తోంది,” అన్నాడు.