ముందుగదిలో పెయ్యల ప్రసంగం

మామగారికి ఉన్నది ఒకే ఒక్క అవలక్షణం. ఇంటికి వచ్చినవారు ఎంతటివారైనా సరే, వారి నోట్లో బిస్కెట్టు ఉండగానే, పెయ్యదూడల మేత గురించీ, అవి ఎదకు రావడం గురించీ ఎలుగెత్తి ఉపన్యసించడం. పశువుల ఫారం నడిపే మనిషికి ఆ విద్య తెలియడంలో వింత లేదు. అది ముందుగదిలో, కోడలి ఎదుట, చెప్పవలసిన విద్యేనా అన్నదే ఆ కోడలి మనోవేదన.

కాపురానికి వచ్చి ఏడాది తిరిగిన కొత్తలో తగిలింది తొలి దెబ్బ. పొరుగింటి ఆవిడ సోఫాలో సర్దుకుని కూర్చుని, కోడలిని ఎగాదిగా చూసి, "ఏమ్మా, ఏమైనా విశే..." అంటూండగానే వార్తాపత్రిక వెనకనుంచి గొంతు ఖంగుమంది.

"పెయ్యకి మేత చాలలేదనుకోండి అక్కయ్యగారూ, ఎదుగుదల ఆగిపోతుంది! ఎదకు రానే రాదు!"

ఆవిడ కాఫీ సాసర్లోకి ఒలికింది.

"పోనీ కుక్కి కుక్కి పెట్టామా, పొదుగంతా కొవ్వే! చూడి కట్టడం కష్టం, ఈనినా పాలు సున్నా!"

"అయ్యో, పొయ్యిమీద పాలు పెట్టి వచ్చానండీ!" అంటూ ఆవిడ చెప్పులు సైతం మరచి పరుగుతీసింది. కోడలు సిగ్గుతో రాయిలా నిలబడిపోయింది.

పిదప కోడలి భర్తకు పై ఆఫీసరుగారు సకుటుంబంగా దయచేశారు. ఆయన భార్య, "మీకింకా పిల్ల..." అన్నదో లేదో, మామగారు జేబులోంచి టేపు తీసి సోఫా దిండు నడుముకు చుట్టారు.

"ఛాతీ ఇలా కొలవాలమ్మా! కొలత చూస్తే బరువు తెలుస్తుంది. ఎద ఇంజక్షను బరువు చూసి చేయించాలి, వయసు చూసి కాదు!"

"అమ్మా, ఎద అంటే ఏంటి?" అన్నాడు ఆఫీసరుగారి పుత్రరత్నం. ఆఫీసరుగారి ముఖం కందగడ్డ అయింది.

"మనం వేరే ఇల్లు చూసుకుందాం. నేనింక తలెత్తుకోలేను," అని కోడలు ఆ రాత్రి భర్తతో తెగేసి చెప్పింది.

"ఈ ఉపన్యాసాల సంగతే నాకూ అర్థంకాదు. నా చిన్నప్పుడు నాన్న నోరు విప్పితే గొప్ప!" అన్నాడతడు.

తన నిర్ణయం మామగారికి తానే చెప్పదలచి, మర్నాడు ఆమె భోజనం క్యారియరు పట్టుకుని ఫారానికి వెళ్ళింది. పాలు పితికే అతనితో, "ఈ ఉపన్యాసాలు మీరెలా భరిస్తున్నారయ్యా?" అన్నది.

అతడు తెల్లబోయాడు. "అయ్యగారా? ఉపన్యాసమా? భలేవారే అమ్మా! దాణాలో వేరుశనగ చెక్క ఎంత కలపాలో కూడా వేళ్ళు చూపిస్తారు. 'ఊఁ', 'ఊహూఁ'... అంతే!"

ఆమె ఉన్నచోటనే నిలిచిపోయింది. పిల్లల మాట ఎవరెత్తినా ఆమెకు బాధే. కొంత ఆలస్యం కావచ్చునని డాక్టరమ్మ చెప్పిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఇన్నాళ్ళలో ఎవరెవరు వచ్చారు? ఎవరేమన్నారు? తలచి చూస్తే, ఆ ఇంట్లో ఆ ప్రశ్నను ఒక్కరంటే ఒక్కరు పూర్తిచేయలేదు!

"మామయ్యగారూ, భోజనం."

"ఊఁ."

వేరింటి మాట ఆమె నోటనే ఉండిపోయింది.

ఆ ఆదివారం మామగారి వదినగారైన పెద్దత్తగారు దిగబడింది. మామగారికి జలుబుచేసి గొంతు పూర్తిగా పోయింది.

"ఏమే అమ్మాయ్, మీకింకా..."

మామగారు నోరు తెరిచారు. గాలి తప్ప మాట రాలేదు. ఆయన కళ్ళలో కంగారు చూసి, కోడలు కాఫీ పళ్ళెం బల్లమీద పెట్టి, గొంతు సవరించుకున్నది.

"పెద్దత్తయ్యగారూ! పెయ్యకి ఒట్టి తవుడే పెడితే ఏమవుతుందో తెలుసాండీ? ఎదుగుదల ఉండదు! ఇక ఎదకు రావడమంటారా..."

పెద్దత్తగారు నివ్వెరపోయి చెప్పులకోసం కాళ్ళతోనే వెదకసాగింది. ఎదురుగా, మామగారి ముఖానికి అడ్డంగా లేచిన వార్తాపత్రిక అదేపనిగా ఊగిపోతున్నది.