పట్టాల అవతల మంచినీళ్లు

ఆ రోజుల్లో మానుకోటలో (కాగితాల మీద మహబూబాబాద్, మా నోట్లో మాత్రం ఎప్పుడూ మానుకోటే) సొంత జాగా ఉందంటే జనం గౌరవంగా చూసేవాళ్లు. ఆ జాగా రైలు పట్టాల అవతల అని తెలిశాక ఆ గౌరవం జాలిగా మారేది. మా బాపు ఒక ధాన్యం దుకాణంలో గుమాస్తా. జాగాలమ్మే ఆయన వచ్చి "కచేరీలు, దవాఖాన, బస్టాండు, అన్ని రేపోమాపో గీ దిక్కే వస్తయి పటేలా" అన్నాడట. జన్మలో మొదటిసారి తనను పటేలా అని పిలిచిన మనిషిని కాదనలేక బాపు జాగా కొనేశాడు. కచేరీలు రాలేదు, దవాఖానా రాలేదు. ఇళ్లు మాత్రం ఒకటి వెనుక ఒకటి వచ్చాయి. మరిపెడ నుంచి కిరాణా వర్తకులు, గంగారం అడవి పల్లెల నుంచి పిల్లల చదువు కోసం వచ్చినవాళ్లు, తండాల నుంచి కూలికి వచ్చినవాళ్లు, బదిలీ మీద వచ్చిన పంతుళ్లు, అందరినీ ఎవరో ఒకరు పటేలా అని పిలిచే ఉంటారు.

మా వాడకు పేరు కూడా లేదు. ఊళ్లోవాళ్లు "పట్టాలవుతల" అనేవాళ్లు, అదే పేరైపోయింది. ప్రతి ఆదివారం పొద్దున్నే, పునాది దాకా లేచి ఆగిపోయిన ఒక ఇంటి అరుగు మీద అందరం చేరి, ఇక్కడికొచ్చి బాగుపడ్డామా, మునిగామా అని తర్కించుకునేవాళ్లం. (ఆ పునాది ఎవరిదో మాకెవరికీ తెలియదు. మాకంటే తెలివైనవాడని మాత్రం తెలుసు.) ఆ సభకు పెద్ద, తపాలా ఆఫీసులో పనిచేసి దిగిపోయిన ఒకాయన. ప్రతి బాధకూ "దీని మీద తీర్మానం చేద్దాం" అనేవాడు కనుక ఆయన మాకందరికీ తీర్మానం మామ. తొవ్వ లేదని తీర్మానం, దీపాల్లేవని తీర్మానం, మోరీలు లేక ఒకరింటి మురికినీళ్లు ఇంకొకరి గడపలోకి పోతున్నాయని తీర్మానం. అన్నీ చెప్పుకుని అందరూ దిగాలుపడి కూర్చున్నాక ఎవరో ఒకరు "ఏదేమన్నగానీ, గాలి మంచిగొస్తది" అనేవారు. అందరూ తలలూపి లేచేవాళ్లు. గాలి రావడం నిజమే, అడ్డం ఏమైనా ఉంటే కదా ఆగడానికి.

అన్నింటికంటే పెద్ద బాధ నీళ్లది. వాడ మొత్తానికి ఒకటే బావి. అది శివరాత్రి దాటగానే అడుగు చూపించేది. అందుకే వాడలో కొత్త గృహప్రవేశమంటే మాకు గుండె జారేది. పిలిచారు కనుక పోయి, పప్పూ బూరెలూ కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుంటూ ఈ ఇంటివాళ్లు ఎంతమందని మెల్లగా అడిగేవాళ్లం. అయిదుగురు అంటే సరే, తొమ్మిదిమంది అన్నారంటే తిన్నది ఒంటబట్టేది కాదు. ఎండాకాలం వచ్చిందంటే ఆడవాళ్లంతా బిందెలెత్తుకుని పట్టాలు దాటి, పాత బజారు నల్లా దగ్గర వరసకట్టాల్సిందే.

పట్టాలు దాటడమే అసలు గండం. ఆ పట్టాల మీద బొగ్గు గూడ్సుబండి వచ్చి ఆగేది. ఆగితే ఎప్పుడు కదులుతుందో డ్రైవరుకు కూడా తెలిసేది కాదనుకుంటాను. చుట్టూ తిరిగి పోతే నల్లా కట్టేస్తారు. అందుకని బండి కింద నుంచి దూరి పోయేవాళ్లు. మా అవ్వ (మా దిక్కున అమ్మను అవ్వ అంటాం) మోకాళ్ల నొప్పుల మనిషి. ముందు ఖాళీ బిందెను దొర్లించి, తరువాత తాను పాకేది. వచ్చేటప్పుడు నిండు బిందెను అవతలివాళ్లకు అందించి తాను దూరేది. ఒకనాడు అవ్వ బండి కింద ఉండగానే డబ్బాలు ఒక్క కుదుపుతో కదిలాయి. అవ్వ ఎట్లా బయటపడిందో తనకే గుర్తులేదు. తన పుట్టింటి ఇత్తడి బిందె మాత్రం చక్రం కింద అప్పడమైంది. ఆ అప్పడాన్ని కొంగులో కట్టుకొచ్చి ముందేసుకుని, మా అవ్వగారిచ్చిన బిందె పాయె అని ఏడ్చింది. నేను ఏడ్చింది బిందె కోసం కాదు. ఆ పూట నుంచి నాకు అన్నం సయించలేదు. మా వాడకు ఒక బోరింగు, చేత్తో కొట్టే ఒక్క బోరింగు తెచ్చేదాకా నిద్రపోవద్దని ఒట్టుపెట్టుకున్నాను.

నేనప్పుడు కొత్తగా కొలువులో చేరిన చిన్న పంతులమ్మను. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బళ్లు మూతపడి ఒక ఏడాది చదువు పోయినదాన్ని, ఊరేగింపులో వెనుక నుంచి రెండో వరసలో నడిచినదాన్ని. కాబట్టి సర్కారుతో ఎట్లా మాట్లాడాలో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. అర్జీ నేనే రాశాను. "మా వాడలో తడిసిన నేలను కళ్లజూసి ఎన్ని నెలలైనదో చెప్పజాలము" అన్న వాక్యం రాసి, దాన్ని నేనే నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయాను. అర్జీ పోయిన కొన్నాళ్లకు, బోరింగులు మంజూరు చేసే సారు రేపు స్వయంగా చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది.

ఆ సాయంత్రం పునాది మీద అత్యవసర సభ జరిగింది. "అంత పెద్ద సారును గీ దుమ్ముల నడిపిస్తమా, ఆయన తెల్లప్యాంటు ఏం గావాలె" అన్నాడు తీర్మానం మామ. నిజమేకదా అనుకున్నాం (అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, దాచను). ఎడ్లబండి మీద డ్రమ్ములతో చెరువు నీళ్లు తెప్పించి తొవ్వంతా చల్లించాం. తెల్లారి ఆడవాళ్లు ప్రతి వాకిట్లో చిక్కగా కళ్లాపి చల్లి ముగ్గులు పెట్టారు. మా అవ్వ ఏడుసార్లు పట్టాలు దాటి వాకిట్లో నీళ్ల గాబును అంచుదాకా నింపింది. ఒక్క తండా అక్క మాత్రం ఏ పనికీ ముందుకు రాలేదు. మా పక్కింట్లో ఉండే ఆమె ఇంట్లో లంబాడీ మాట్లాడేది, మాతో మా మాటే మాట్లాడేది. "నీళ్లు లేవని చెప్పనీకి నీళ్లు చల్లుడేంది పంతులమ్మా" అని అడిగింది. నేను నవ్వి, ఆమెకు మర్యాద తెలియదనుకున్నాను.

సారు కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడాడు. నా అర్జీని తొవ్వ నడుమ నిలబడి చదివాడు. తడిసిన నేల అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన బూట్లు బురదలో దిగబడ్డాయి. ఒక కాలు ఎత్తి చూసుకున్నాడు, తరువాత రెండోది ఎత్తి చూసుకున్నాడు, మళ్లీ నా అర్జీ చూశాడు. మా ఇంట్లో నిమ్మకాయ షర్బతు తాగాడు. నిండు గాబును చూసి తలపంకించాడు. ముగ్గు లేదు కనుక తండా అక్క ఇంటి వైపు తీర్మానం మామే ఆయన్ను పోనివ్వలేదు. "చల్లగా ఉందండీ మీ వాడ, మాకు ఇంతకంటే కష్టంలో ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి" అని చేతులు జోడించి జీపెక్కాడు. బోరింగు ఇంకెక్కడికో పోయింది.

ఆ కోపమంతా అవ్వ మీద తీర్చుకున్నాను. "ఏడు బిందెలు ఎవరు తెమ్మన్నరే నిన్ను, గాబు నింపకపోతే ఏం పాయె" అని అరిచాను. అవ్వ మోకాళ్లకు ఆముదం రాసుకుంటూ, "ఇంటికొచ్చిన మనిషికి ఖాళీ గాబు సూపెడ్తమా బిడ్డా" అంది. ఈ మనిషిని మార్చడం నా వల్ల కాదని తలకొట్టుకున్నాను.

మరుసటి ఎండాకాలం మళ్లీ అర్జీ పెట్టాను, మళ్లీ ఒక సారు వస్తానన్నాడు. ఈసారి పెత్తనం నేను తీసుకున్నాను. కళ్లాపి వద్దు, ముగ్గులు వద్దు, గాబులు బోర్లించాలి, ఖాళీ బిందెలన్నీ తొవ్వ పక్కన వరసగా పెట్టాలి, తాగే నీళ్ల కుండ మంచం కింద దాచాలి. సారు నీళ్లడిగితే లేవనాలి. ముందురోజు అభ్యాసం కూడా చేయించాను. తీర్మానం మామను సారుగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ ఆయన ముందు నిలబెట్టాను. "మంచినీళ్లున్నయా?" అని మామ అడగగానే మా బాపు, "ఉన్నయి సార్, కూసోండ్రి, తెస్త" అన్నాడు. మరిపెడ నుంచి వచ్చిన కిరాణా అన్న "లే..." దాకా వచ్చి దగ్గాడు. రెండో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు "లేవు, లేవు, లేవు" అని అందరిచేతా అనిపించాను. తండా అక్కకు మాత్రం నేర్పాల్సిన పని లేకపోయింది.

తెల్లారి అంతా అనుకున్నట్టే జరిగింది. ఈ సారు పెద్దవయసు మనిషి. నడినెత్తిన ఎండలో దుమ్ములో నడిచాడు, బిందెల వరస చూశాడు, బోర్లించిన గాబులు చూశాడు. గూడ్సుబండి సంగతి, మా అవ్వ బిందె సంగతి తండా అక్క చెబుతుంటే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. జేబులోంచి కలం తీశాడు. కాగితం మీద రెండు అక్షరాలు పెట్టాడు కూడా. అంతలో చెమట తుడుచుకుంటూ, ఎదురుగా ఉన్నది నేనే కనుక నన్ను చూసి, "కొంచెం మంచినీళ్లు ఇప్పిస్తావామ్మా" అన్నాడు.

తీర్మానం మామ నేల చూశాడు. అవ్వ నా ముఖం చూసింది. లేవు అనడానికి నేను నోరు తెరిచాను. ఆ ముసలాయన పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. నోట్లో ఆ రెండక్షరాలు తిరిగాయి కానీ బయటికి రాలేదు, కాళ్లు మాత్రం ఎప్పుడు లోపలికి పోయాయో పోయాయి. మంచం కింద నుంచి కుండ లాగి, ఇత్తడి గ్లాసు తీసుకుని వాకిట్లోకి వచ్చాను. వచ్చినదాన్ని ఇచ్చి ఊరుకున్నానా, సారు కళ్ల ముందే ఆ గ్లాసును ఒకసారి కడిగి పారబోసి, తనివి తీరక ఇంకోసారి కడిగి పారబోసి, అప్పుడు నింపి ఇచ్చాను. నేనిచ్చింది చూసి వాడకు వాడ బరువు దించుకున్నట్టు లోపలికి ఉరికింది. ఒకరు చెంబు, ఒకరు కూజా, కిరాణా అన్న మజ్జిగ, తీర్మానం మామ ఏకంగా పళ్లెంలో నాలుగు గ్లాసులు. సారు చుట్టూ అన్నీ నీళ్లే. పాపం ఆయన అందరి మాటా తీసెయ్యలేక రెండు గ్లాసులు తాగి, కలానికి మూత పెట్టి, "ఏదో సర్దుకుంటున్నారులెండి" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో చుక్క లేదు. పట్టాల మీద గూడ్సు ఆగి ఉంది. ఈసారి అవ్వతో నేనూ పోయాను. బండి కింద అవ్వ ముందు, నేను వెనుక, కంకర మీద మోకాళ్లతో పాకుతున్నాం. నాకు ఏడుపు ఆగడం లేదు. అవ్వ తిరిగి చూడకుండానే అడిగింది. "గిలాస కడిగి ఇచ్చినవా?"

"రెండుసార్లు కడిగిన."

"మంచిపని చేసినవ్" అంది, బిందెను ముందుకు దొర్లిస్తూ.

ఆ ఏడు వానలు పడకముందే అవ్వ అదే కంకర మీద నిండు బిందెతో పడి మోకాలు విరగ్గొట్టుకుంది. నెలరోజులు దవాఖానలో ఉండి, కుంటుకుంటూ ఇంటికొచ్చింది. బోరింగు ఆ తరువాత వచ్చింది. ఎవరో మూడో సారు మా వాడకు రాకుండానే, చూడకుండానే మంజూరు చేశాడట. ఆయనే గనుక వచ్చి ఉంటే అదీ చెడగొట్టి ఉండేవాళ్లం. అవ్వ ఆ బోరింగు ఒక్కనాడూ కొట్టలేకపోయింది. దాని పక్కనే ఉన్న పునాది అరుగు మీద కూర్చుని, కొత్తగా వచ్చినోళ్లను ముందు పట్టుకోనియ్యుండ్రి అని వరస సర్దేది.

ఇప్పుడు మా వాడలో ఇంటింటికీ నల్లా ఉంది. నాలుగు దిక్కులా మేడలు లేచాయి, ఇంట్లోకి గాలే రాదు. కరెంటు బిల్లు ఇచ్చే పిల్లవాడు చెమటలు కారుతూ గుమ్మంలో నిలబడితే, వాడు అడగకముందే గ్లాసు తెస్తాను. దాన్ని కడుగుతున్నప్పుడల్లా ఆ చిన్న పంతులమ్మ గుర్తొస్తుంది. ఆ ఒక్క మాట అనేసి ఉంటే మా అవ్వ మోకాలు మిగిలేదేమో అని ఆమె మీద ఇప్పటికీ కోపమొస్తుంది. ఆమెను మళ్లీ ఆ ఎండలో ఆ ముసలాయన ముందు నిలబెడితే ఏం చేస్తుందో తెలుసు కనుక, నాలో నేనే నవ్వుకుని, గ్లాసు రెండోసారి కూడా కడుగుతాను.