నారింజ రంగు డిస్క్‌తో అయోవా దాకా

ఏప్రిల్‌లో ఒక గురువారం ఉదయం ఏడున్నరకి నేనూ మా మనవరాలు నిత్యా యాన్ ఆర్బర్ స్టేషన్‌లో చికాగో రైలు ఎక్కాం. మా ఊరు నోవై నుంచి స్టేషన్ దాకా మా అల్లుడు శ్రీధర్ కారులో దింపాడు. దారి పొడుగునా అతనిది ఒకటే మాట. నిత్యకి రెండు కాలేజీల్లో సీటు వచ్చింది. మే ఒకటో తేదీలోగా ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి. ఇలినాయ్‌లోని పెద్ద యూనివర్సిటీ అయితే రేపు ఉద్యోగానికి ఢోకా లేదు. అయోవాలోని చిన్న కాలేజీ పేరు తన ఆఫీసులో ఎవరూ విననే లేదట. నిత్య పెట్టె లాక్కుంటూ ముందుకి నడిచాక గొంతు తగ్గించాడు.

"అత్తయ్యగారూ, మీరు చెబితే వింటుంది. ఆట కోసం ఎవరైనా కాలేజీ సెలెక్ట్ చేసుకుంటారా?"

చూస్తానన్నాను. అంతకుమించి మాటివ్వలేదు.

ఆ ఆట పేరు డిస్క్ గోల్ఫ్. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. బంతీ కర్రా ఉండవు. టిఫిన్ పళ్లెమంత ప్లాస్టిక్ డిస్క్‌ని విసురుకుంటూ పోయి, దూరంగా గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడెయ్యాలి. తక్కువ విసుర్లలో పడేసినవాళ్లది గెలుపు. చెట్ల మధ్య అలాంటి బుట్టలు పద్దెనిమిది ఉంటాయి కనక, ఆట ముగిసేసరికి కాళ్లు పీకుతాయి. ఈ దేశంలో ఇన్నేళ్లు పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరైన నాకు ఆ ఆట సంగతే తెలియదు. మా ఇంట్లో మొదటిసారి నారింజ రంగు డిస్క్ కనిపిస్తే, సైజు సరిపోయింది కదా అని పెరుగు గిన్నె మీద మూత పెట్టాను. ఆ రోజంతా నిత్య నాతో మాట్లాడలేదు. అది వాళ్లమ్మ కొనిచ్చిందట, వెనక మార్కర్‌తో నిత్య పేరు రాసింది కూడా వాళ్లమ్మేనట.

వాళ్లమ్మ అంటే నా కూతురు సుధ. రెండేళ్ల కిందట క్యాన్సర్‌తో పోయింది. నిత్య ఏడవలేదు. గది తలుపు వేసుకుంది. స్కూలుకి వెళ్లడం, రావడం, మళ్లీ తలుపు వేసుకోవడం. కంచంలో అన్నం కలిపి పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడి నేను ఏడ్చిన రోజులున్నాయి. చివరికి ఆ తలుపు తీయించింది నేను కాదు, కౌన్సెలర్ కాదు. మా ఊరి పార్కులో ఆదివారాలు డిస్క్ గోల్ఫ్ ఆడే గుంపు. ఆట మొదలెట్టడానికి మనిషి తక్కువైందంటూ, సుధని ఎరిగిన ఒక పెద్దాయన ఇంటికొచ్చి పిలిస్తే, ఈ పిల్ల బూట్లు వేసుకుని వెళ్లింది. ఆ రోజు తిరిగొచ్చి ఆకలేస్తోందంది.

అందుకని శ్రీధర్ ఏమన్నా, నేను బయలుదేరింది ర్యాంకులు చూడ్డానికి కాదు. అంత దూరంలో ఈ పిల్ల మళ్లీ తలుపు వేసుకుంటే వచ్చి తట్టే మనిషి ఒక్కరైనా ఉంటారా? నా భయమల్లా అదే.

కలమజూ దాటాక పులిహోర తిన్నాం. రైల్లో కాఫీ దొరుకుతుంది, దానిమీద ఆశలు పెట్టుకోకండి. చికాగోలో గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి. స్టేషన్ నుంచి బస్టాపు దగ్గరే. రెండింటికి ఇలినాయ్ యూనివర్సిటీకి బస్సు, మూడు గంటల ప్రయాణం. నా పక్క సీటులో హనుమకొండ అబ్బాయి, అదే యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. మేం దేనికి వెళ్తున్నామో విని పకపకా నవ్వాడు.

"మా ఇంట్ల పళ్లెం ఇసిరితే మా అమ్మ తంతుండె ఆంటీ."

కాసేపయ్యాక తనంతట తనే చెప్పాడు. చదువుకి వంక పెట్టనక్కర్లేదు, ప్రొఫెసర్లు మంచివాళ్లు. మొదటి సెమిస్టర్‌లో మాత్రం ఒక్కోసారి వారమంతా ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడలేదట. ఆ మాట నవ్వుతూనే చెప్పాడు. నిత్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది కాని వింటోందని నాకు తెలుసు.

శుక్రవారం పదింటికి క్యాంపస్ చూపించారు. లైబ్రరీ చూస్తే నాకే మళ్లీ చదువుకోవాలనిపించింది. అబద్ధమెందుకు, ఆ చోటికి ఏ లోటూ లేదు. డిస్క్ గోల్ఫ్ మైదానం మాత్రం క్యాంపస్‌లో లేదు, సిటీ బస్సులో ఇరవై నిమిషాలు వెళ్లాలి. మధ్యాహ్నం సన్నగా వాన. వచ్చే వారం యూనివర్సిటీ జట్టుకి పోటీ ఉంది, ప్రాక్టీసు చేస్తున్నారు. కెప్టెన్ మర్యాదస్తుడు, నిత్యని ఆడనిచ్చాడు, నాకు గొడుగు కూడా ఇచ్చాడు. ఎవరైనా విసిరేటప్పుడు మాట్లాడకూడదన్న సంగతి తెలియక రెండుసార్లు నోరు జారాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

అయిదో బుట్ట దగ్గర నిత్య నారింజ డిస్క్ ముళ్లపొదల్లోకి పోయింది. ఈ ఆటలో పోయిన డిస్క్‌ని వెతకడానికి మూడు నిమిషాలు మాత్రమే ఇస్తారు. అందరూ వచ్చి వెతికారు. కెప్టెన్ ఫోన్‌లో టైమర్ మోగగానే ఆపేసి, సారీ చెప్పి, తర్వాతి బుట్టకి నడిచారు. వాళ్లని తప్పుపట్టను, రూలు రూలే, పైగా పోటీ దగ్గర పడింది. నిత్య కూడా తలూపి వాళ్ల వెనకాలే బయలుదేరింది. నాకు ఒళ్లు మండింది. గొడుగు మడిచి దాంతో పొదలు కదుపుతూ అక్కడే నిలబడ్డాను.

"అమ్మమ్మా, ప్లీజ్, లీవ్ ఇట్," అంది వెనక్కి వచ్చి.

చీర చిరిగింది కాని డిస్క్ దొరికింది. అంత ప్రాణమైనదాన్ని ఇంట్లో దాచుకోవచ్చు కదా, విసరడం దేనికని కోప్పడ్డాను.

"విసరకపోతే అది ప్లేట్ అమ్మమ్మా. అమ్మ ప్లేట్ కొనలేదు నాకు."

డిస్క్‌ని చీర చెంగుతో తుడిచి దాని చేతికిచ్చాను.

శనివారం పొద్దున్న హడావుడిగా హోటల్ గది ఖాళీ చేసి, నా స్టీలు గిన్నె మూత అక్కడే మర్చిపోయాను. మళ్లీ బస్సులో చికాగో. అక్కడ రెండింటికి అయోవా వెళ్లే పడమటి రైలు. ఇది రెండంతస్తుల రైలు, పైన చుట్టూ అద్దాలున్న బోగీ ఉంటుంది, ముందుగా వెళ్తే కిటికీ పక్కన కూర్చోవచ్చు. ఎదురుగా నెబ్రాస్కా వెళ్తున్న ఒకావిడ, స్కూలు బస్సు నడిపి రిటైరైందట. నిత్య ఎందుకంత మౌనంగా ఉందని అడిగింది. తల్లి పోయిందని చెప్పాను. ఆవిడ ఇంకేమీ అడక్కుండా తన సంచిలోంచి రెండు యాపిల్స్ తీసి ఇచ్చింది. సాయంత్రం మిసిసిపీ నది దాటాం. గోదావరి బ్రిడ్జి మీద చిల్లర పైసలు విసిరిన అలవాటు, చెయ్యి పర్సులోకి పోయింది. కిటికీలు తెరుచుకోవు.

చిన్న కాలేజీ నిజంగానే చిన్నది. హాస్టల్లోనే అతిథులకి ఒక గది ఇచ్చారు, రెండు మంచాలు. భోజనాల హాల్లో అన్నం పలుకు పలుకుగా ఉంది కాని అన్నమే. గోంగూర పచ్చడి నా సంచిలో ఉంది కనక గడిచిపోయింది. ఇక్కడ కూడా కంప్యూటర్ సైన్స్ చదవొచ్చు, క్లాసుకి పాతికమంది ఉంటారని చెప్పారు.

ఆదివారం తొమ్మిదింటికి హాస్టల్ వెనక మైదానంలో ఆట. చెట్లు, ఏటవాలు నేల, మధ్యలో వంకలు తిరిగే వాగు. నలుగురు పిల్లలు వచ్చారు, వాళ్లలో పొడుగ్గా ఉన్న అమ్మాయి పేరు ఆబీ. నా కోసం మడత కుర్చీ మోసుకొచ్చి, ప్రతి బుట్ట దగ్గరా వేసి, మళ్లీ మడిచి తీసుకెళ్లింది. నిత్య బాగా ఆడింది. ఒకసారి గట్టిగా నవ్వింది కూడా. ఆ నవ్వు విని చాలా కాలమైంది.

పద్నాలుగో బుట్ట దగ్గర గాలి తిరిగి నారింజ డిస్క్ వాగులో పడింది. మంచు కరిగిన నీళ్లు, బురద రంగులో జోరుగా పోతున్నాయి. మూడు నిమిషాలయ్యాయి. ఇంక నడుస్తారులే అనుకుని నేను కుర్చీలోంచి లేచాను. ఆబీ మాత్రం, రూలు స్కోరు కోసం కనక నిత్య స్కోరులో ఒకటి కలుపుకుందాం, డిస్క్‌ని మాత్రం వెతుకుదాం అని బూట్లు విప్పింది. మిగిలినవాళ్లూ విప్పారు. ఆ డిస్క్ ఎవరు కొనిచ్చిందో నిత్య వాళ్లకి చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మధ్యాహ్నం దాకా వెతికారు. దొరకలేదు.

"ఇట్స్ ఓకే," అంది నిత్య. గదికి వెళ్లి తలుపు వేసుకుంది.

నేను బయట నిలబడ్డాను. రెండేళ్ల కిందటిలాగే నిలబడ్డాను, చేతిలో కంచం లేదు, అంతే తేడా. సాయంత్రం ఆబీ వచ్చి తలుపు తట్టింది. అలసిపోయానని లోపలినుంచి జవాబు. ఆబీ విసుక్కోలేదు. తలుపుకి దగ్గరగా నిలబడి, రేపు రైలు ఎన్నింటికని అడిగి, ఎనిమిదింటికని తెలుసుకుని వెళ్లిపోయింది. మంచి పిల్ల అనుకున్నాను. అయినా నా గుండె బరువు తగ్గలేదు. ఏ కాలేజీ అయినా ఒకటేనేమో, ఇంటికి దగ్గర్లోనే ఏదో ఒకటి చదివిస్తే పోలేదా అనిపించింది.

సోమవారం ఉదయం భోజనాల హాల్లో కాస్త అన్నం, పెరుగు తీసుకుని మూతలేని గిన్నెలో కలుపుకుని స్టేషన్‌కి వచ్చాం. రైలు యాభై నిమిషాలు ఆలస్యం. ఈ లైనులో అది మామూలే, వెళ్లేవాళ్లు కోపం తెచ్చుకోకండి. నేను మాత్రం ఆ ఆలస్యానికి దణ్ణం పెట్టాను. ఎందుకంటే ఎనిమిదిన్నరకి ఒక పాత ట్రక్కు వచ్చి ఆగింది. ఆబీ దిగింది. మోకాళ్ల పైదాకా తడి, చేతులనిండా బురద. తెల్లవారగానే నలుగురూ ఆకులు ఊడ్చే పళ్లకర్రలు పట్టుకుని మళ్లీ వాగులోకి దిగారట. వంతెన కింద చెట్టు వేళ్లలో ఇరుక్కుని ఉందట.

ఆబీ డిస్క్‌ని తన చొక్కాకి తుడిచి ఇచ్చింది. నిత్య దాన్ని వెనక్కి తిప్పి చూసుకుంది. సుధ రాసిన పేరు చెరిగిపోలేదు. సుధ పోయిన రోజున తడవని ఆ కళ్లు అప్పుడు తడిశాయి. పరాయి ఊళ్లో, పరాయి పిల్ల భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చింది. ఆబీకి ఏమీ అర్థం కాలేదు. అయినా అలాగే పట్టుకుని నిలబడింది, రైలు వచ్చేదాకా.

రైలు కదిలాక నిత్య శ్రీధర్‌కి ఫోన్ చేసింది.

"నాన్నా, నేను ఇక్కడికే వస్తా. ఎందుకో అమ్మమ్మ చెప్తుంది," అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

మైదానం అంత బాగుందా అని అడిగాడు శ్రీధర్. బాగానే ఉంది, దానికేం అన్నాను. ఆ తర్వాత వాగు సంగతి, తలుపు సంగతి, ట్రక్కు సంగతి వరసగా చెప్పాను. నిత్య ఏడ్చిందన్న మాట మాత్రం మళ్లీ చెప్పించుకున్నాడు.

"సరే అత్తయ్యగారూ. అక్కడికే పంపిద్దాం," అన్నాడు చివరికి.

ఆటలాడే పిల్లల్ని వెంటబెట్టుకుని కాలేజీలు చూడబోయేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. మైదానం ఎలాగూ చూస్తారు. మీ పిల్ల విసిరింది కనిపించకుండా పోయినప్పుడు పక్కవాళ్లు ఏం చేస్తారో అది కూడా చూసి రండి.

మిసిసిపీ దగ్గర పడుతుంటే రైలు ఊగడం మొదలైంది. గిన్నె మీద కప్పిన కాగితం జారి, పెరుగన్నం నా ఒళ్లో పడేలా ఉంది. నిత్య చూసింది. సంచిలోంచి నారింజ డిస్క్ తీసి, మరోసారి తుడిచి, గిన్నె మీద మూత పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"అమ్మ ఉంటే నవ్వేది కదా అమ్మమ్మా," అంది.

"నవ్వేదే," అన్నాను.